టీవీలో యాప్ ఎక్కడికి పోయింది?

నిన్న రాత్రి దాకా టీవీ తెర మీద వరుసలో మూడోదిగా ఉన్న యాప్ ఇవాళ లేదు. దాని ఇరుపక్కల ఉన్నవి రెండూ జరిగి, మధ్యలో ఎవరూ లేనట్టే దగ్గరగా కూర్చున్నాయి. ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో నిర్ధారణ. "నెట్ సరిగ్గా రావడం లేదు" అంటాడు నాన్న. "వీడే ఏదో నొక్కేసి ఉంటాడు" అంటుంది నానమ్మ, మనవడి వంక చూస్తూ. "అంతా చెరిపేసి మొదటినుంచి పెట్టుకోండి, అదే వస్తుంది" అంటాడు ఫోనులో బాబాయి. ముగ్గురిలో ఎవరిది నిజం? ఎవరిదైనా కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు. బాబాయి సలహా మాత్రం అన్నిటికన్నా ఆఖరున పాటించవలసింది. ఎందుకో కాస్త ముందుకు వెళ్లాక మీకే తెలుస్తుంది.

పిల్లలూ! టీవీ వెనక తగిలించే వేలెడంత స్టిక్ అయినా, పక్కన పెట్టే చిన్న బాక్స్ అయినా, టీవీ లోపలే అమర్చి వచ్చిన ఏర్పాటు అయినా, అది ఒక కంప్యూటరే. దానికి ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, పని నడిపించే ఆపరేటింగ్ సిస్టం ఉంది. యాప్ అంటే ఆ కంప్యూటరు చేయవలసిన పనులు రాసి పెట్టిన ఆదేశాల మూట. సినిమా ఆ మూటలో ఉండదు. అది ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తెప్పించి, తాళం తీసి, తెర మీద పరచడం యాప్ పని. కనుక యాప్ కనబడకపోతే సరుకు పోయినట్టు కాదు, సరుకు మోసుకొచ్చే మనిషి కనబడనట్టు.

నెట్ రాకపోతే ఏమవుతుంది? యాప్ తెరుచుకోదు. తెర మధ్య చిన్న చక్రం గిరగిర తిరుగుతూ ఉంటుంది. కాని యాప్ గుర్తు మాత్రం సాధారణంగా తన చోటనే ఉంటుంది. అంటే నాన్న చెప్పిన కారణాన్ని ఇక్కడ చాలావరకు పక్కన పెట్టవచ్చు. చూశారా, టీవీని తాకకుండానే, లక్షణాన్ని బట్టే ఒక అనుమానం తీరిపోయింది. డాక్టరుగారు మందు రాసేముందు పది ప్రశ్నలు అడిగేది ఇందుకే.

మూడు రకాల 'లేదు'

మీ స్కూలు లైబ్రరీలో ఒక పుస్తకం దొరకలేదనుకోండి. అది ఉండవలసిన అరలో కాక మరో అరలో ఉండవచ్చు. ఎవరో ఇంటికి తీసుకుపోయి ఉండవచ్చు. అసలు మన లైబ్రరీకి దాన్ని కొననే లేదేమో! మూడింటికీ మనం అనే మాట ఒకటే: "పుస్తకం లేదు". కాని మొదటిదానికి వెతకాలి, రెండోదానికి మళ్లీ తెప్పించుకోవాలి, మూడోదానికి మీరెంత వెతికినా ప్రయోజనం లేదు.

యాప్ సంగతీ అంతే. యాప్ బాక్స్‌లో ఉండి, దాని గుర్తు మాత్రం మొదటి తెర మీద లేకపోవచ్చు. బాక్స్‌లో లేకుండా, స్టోర్‌లో ఉండవచ్చు. స్టోర్‌లోనే లేకపోవచ్చు. ఈ మూడింటిలో ఏది అన్నది తేల్చుకోకుండా రిమోట్ మీటలన్నీ వరసగా నొక్కడం చీకట్లో సూది వెతకడమే.

తేల్చుకోవడం కష్టం కాదు. సెట్టింగ్స్‌లో 'యాప్స్' అనే చోట బాక్స్‌లో ఉన్నవాటి జాబితా ఉంటుంది. అందులో పేరుంటే మొదటి రకం. లేకపోతే స్టోర్‌కు వెళ్లి పేరు టైపు చేసి వెతకండి. దొరికితే రెండో రకం, దొరకకపోతే మూడో రకం.

మా తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకమ్మాయి ఇంట్లో ఈ మొదటి రకమే జరిగింది. తాను పాఠాలు చూసుకునే యాప్ హాల్లో టీవీ మీద మాయమైంది. బజారులో చూపిస్తే బాక్స్ పాడైంది, కొత్తది కొనుక్కోవాలన్నారట. ఆ ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. పరీక్షలు చూస్తే నెల రోజులే ఉన్నాయి. ఆ పిల్ల ఒక కాగితం మీద గళ్లు గీసింది. ఫోనులో యాప్ ఉందా? ఉంది. అదే ఖాతాతో ఫోనులో పాఠం వస్తోందా? వస్తోంది. అయితే ఖాతాకు రోగం లేదు. టీవీలో మిగిలిన యాప్‌లు నడుస్తున్నాయా? కొన్నే ఉన్నాయి! ఒకటి కాదు, నాలుగైదు లేవు. మిగిలినవన్నీ బొమ్మల కథలవి. అప్పుడు ఆమె దృష్టి తెర మూలనున్న చిన్న ముఖం బొమ్మ మీద పడింది. అది తమ్ముడి ప్రొఫైల్. పిల్లల ప్రొఫైల్‌లో పెద్దవాళ్లు అనుమతించిన యాప్‌లు తప్ప మరేవీ కనిపించవు. టీవీ పెట్టగానే ఎవరో తమ్ముడి ముఖం మీద మీట నొక్కారు, తరువాత అది అలాగే ఉండిపోయింది. ప్రొఫైల్ మార్చగానే అన్నీ వచ్చాయి. ఖర్చు సున్న. (నానమ్మ అనుమానం ఒక్కోసారి నిజమేనని ఒప్పుకోవాలి.)

ఆమె చేసినదాంట్లో గొప్ప తెలివేమీ లేదంటారా? ఉంది. ఒకసారికి ఒకే సంగతి మార్చి చూసింది. లాబొరేటరీలో మనం చేసేదీ అదే. ఉష్ణోగ్రత, పీడనం రెండూ ఒకేసారి మార్చేస్తే వాయువు ఘనపరిమాణం దేనివల్ల మారిందో ఎవరు చెప్పగలరు?

స్టోర్ మనల్ని చూసి సరుకు చూపిస్తుంది

మూడో రకం 'లేదు' చాలా ఆసక్తికరమైనది. ఒకే స్టోర్, ఒకే రోజు, ఒకే ఊరు. పక్కింటి టీవీలో వెతికితే యాప్ వస్తుంది, మన టీవీలో వెతికితే రాదు. ఇదేం పక్షపాతం?

స్టోర్ అందరికీ ఒకే జాబితా చూపించదు. మన బాక్స్ స్టోర్‌ను పలకరించినప్పుడు తన వివరాలు చెప్పుకుంటుంది: నా ఆపరేటింగ్ సిస్టం ఫలానా నంబరుది, నా ప్రాసెసర్ ఫలానా రకం, నా తెర ఇంత, నా యజమాని ఖాతా ఫలానా దేశానిది. ప్రతి యాప్‌తోపాటు కూడా ఒక ప్రకటన ఉంటుంది: నేను నడవాలంటే ఇవి ఉండాలి. ఈ రెండూ సరిపోలితేనే యాప్ పేరు తెర మీదికి వస్తుంది. సరిపోలకపోతే "నీకు ఇది పనికిరాదు" అని కూడా చెప్పదు. మౌనంగా దాచేస్తుంది. ఈ మౌనమే మనల్ని తికమక పెట్టేది.

ఇందులో ఒక తమాషా చూడండి. ఆండ్రాయిడ్ టీవీల విషయంలో గూగుల్ ప్లే స్టోర్ నియమం ఒకటుంది. యాప్ తయారుచేసినవారు ప్రత్యేకంగా "దీనికి తాకే తెర అక్కరలేదు" అని రాయకపోతే, తాకే తెర కావాలనే స్టోర్ అనుకుంటుంది. టీవీని ఎవరూ వేలితో నొక్కరు కదా! కనుక ఆ ఒక్క వాక్యం రాయడం మరిచిపోయిన యాప్ టీవీల స్టోర్‌లో కనిపించదు. అలాగే "నేను టీవీ మొదటి తెర మీద నిలబడదగినదాన్ని" అని మరొక ప్రకటన కూడా యాప్‌లో ఉండాలి. లేకపోతే దాన్ని మరో దారిలో తెచ్చి బాక్స్‌లో ఎక్కించినా గుర్తు తెర మీద కనపడదు. ఫోను యాప్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి టీవీలో ఎక్కించి, "ఎక్కింది, కాని కనిపించడం లేదు" అని తల పట్టుకునేవారి బాధకు కారణం ఇదే.

స్టోర్‌లు కూడా ఒకటి కాదు. అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్‌లు చాలాకాలంగా ఆండ్రాయిడ్ పునాది మీద కట్టినవే అయినా, వాటి స్టోర్ అమెజాన్‌ది, గూగుల్‌ది కాదు. ఒకదానిలో ఉన్న యాప్ రెండోదానిలో ఉండాలని లేదు. 2025లో అమెజాన్ తెచ్చిన ఒక కొత్త స్టిక్‌లో ఆండ్రాయిడే లేదు, వేగా అనే వేరే ఆపరేటింగ్ సిస్టం ఉంది. ఆండ్రాయిడ్ కోసం రాసిన యాప్‌ను దానిలో నేరుగా ఎక్కించడం కుదరదు.

దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. అమెరికా నుంచి వచ్చిన మావయ్య ఒక బాక్స్ కానుకగా ఇచ్చాడనుకోండి. దాన్ని ఆయన ఖాతాతోనే వాడుతుంటే స్టోర్ దృష్టిలో అది ఇంకా అమెరికాలోనే ఉన్నట్టు. అక్కడి యాప్‌లు కనిపిస్తాయి, ఇక్కడివి కొన్ని కనిపించవు. ప్లే స్టోర్‌లో ఖాతా దేశాన్ని ఏడాదికి ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. కనుక తొందరపడి మార్చి, మర్నాడు వెనక్కి మార్చుకుందామంటే వీలుపడదు.

ఇక పేరు మారడం. హాట్‌స్టార్ 2015లో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో డిస్నీప్లస్ హాట్‌స్టార్ అయింది. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమాతో కలిసి జియోహాట్‌స్టార్ అయింది. పాత పేరుతో, పాత రంగు గుర్తుతో వెతికేవారికి ఆ యాప్ పోయినట్టే. పెళ్లయి ఇంటిపేరు మారిన అక్క కోసం పాత ఇంటిపేరుతో విచారిస్తే ఊళ్లో ఎవరు చెబుతారు?

ఇద్దరు కొట్టుకుంటే

కొన్నిసార్లు బాక్స్‌లో లోపం ఉండదు, యాప్‌లో లోపం ఉండదు. లోపం కాగితాల్లో ఉంటుంది. 2015లో అమెజాన్ తన దుకాణంలో గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ అమ్మడం మానేసింది. మాటా మాటా పెరిగి, 2018 సంవత్సరం మొదలయ్యేసరికి గూగుల్ తన యూట్యూబ్ యాప్‌ను ఫైర్ టీవీ నుంచి తీసేసింది. ఏడాదిన్నర తరువాత, 2019 జూలైలో రాజీ కుదిరి యాప్ తిరిగి వచ్చింది. ఆ మధ్యకాలంలో ఫైర్ టీవీ కొన్నవారు రిమోట్ ఎంత నొక్కినా ఏం లాభం?

ఇంకో ఉదాహరణ మనకు ఎక్కువ పాఠం చెబుతుంది. రోకు అనేది అమెరికాలో బాగా వాడుకలో ఉన్న టీవీ బాక్స్. 2021 ఏప్రిల్ 30న రోకు తన స్టోర్ నుంచి యూట్యూబ్ టీవీ అనే యాప్‌ను తొలగించింది. గూగుల్‌తో ఒప్పందం గడువు తీరడం కారణం. అయితే అప్పటికే ఆ యాప్ బాక్స్‌లో ఉన్నవారికి అది యథాప్రకారం పనిచేస్తూ వచ్చింది. స్టోర్‌లో మాత్రం లేదు. ఇప్పుడు ఆలోచించండి. అలాంటి ఇంట్లో యాప్ కాస్త నత్తనడక నడిస్తే, "తీసేసి మళ్లీ పెట్టుకుందాం" అని ఎవరైనా తీసేశారనుకోండి. తీసేయడం అయింది. మళ్లీ పెట్టుకోవడం ఎలా? రెండు సంస్థలకూ 2021 డిసెంబరులో మళ్లీ ఒప్పందం కుదిరేదాకా ఆగవలసిందే.

తాళం మారింది

అదే రోకు చరిత్రలో మరో సంఘటన. రోకు తొలి బాక్స్ 2008 మేలో వచ్చింది. దాన్ని తయారుచేసిందే నెట్‌ఫ్లిక్స్ సినిమాలను టీవీలో చూపించడానికి. (రోకు అంటే జపాను భాషలో ఆరు. స్థాపకుడు ఆంథొనీ వుడ్‌కు అది ఆరో కంపెనీ కనుక ఆ పేరు పెట్టాడు.) పదకొండేళ్లు గడిచాయి. 2019 డిసెంబరు 1 నుంచి తొలినాటి రోకు నమూనాలు కొన్నింటిలో నెట్‌ఫ్లిక్స్ పనిచేయడం మానేసింది. దేనికోసం పుట్టిందో అదే పోయింది!

బాక్స్ చెడిపోలేదు. సినిమాను ఎవరూ దొంగిలించకుండా సర్వర్ దాన్ని తాళం వేసి పంపుతుంది. బాక్స్ లోపల ఆ తాళం తీసే ఏర్పాటు ఉండాలి. ఆ పాత నమూనాలు వాడింది ఒక పాత రకం తాళం. కొత్త తాళం తీసే ఏర్పాటును వాటిలో అమర్చడానికి వీలులేకపోయింది. నెట్‌ఫ్లిక్స్ పాత తాళాన్ని వదిలేసింది, దానితోపాటు పాత బాక్స్‌లనూ వదిలేసింది.

ఊరూ పేరూ లేని చవక ఆండ్రాయిడ్ బాక్స్‌లలో నెట్‌ఫ్లిక్స్ స్టోర్‌లో కనిపించకపోవడానికీ ఇలాంటి కారణమే. ఆ బాక్స్ తాళాన్ని భద్రంగా తీయగలదని ఎవరూ పరీక్షించి ధ్రువీకరించలేదు కనుక స్టోర్ దాచేస్తుంది.

గడువు తీరిన ముద్ర

2025 మార్చి 9, ఆదివారం. అనేక దేశాల్లో టీవీల వెనక వేలాడే గుండ్రటి పరికరం, రెండో తరం క్రోమ్‌కాస్ట్, ఉన్నట్టుండి మొరాయించింది. అంతకు ముందురోజు వరకు చక్కగా నడిచినవే. ఈ క్రోమ్‌కాస్ట్‌లో సొంతంగా యాప్‌ల వరుస ఉండదు. ఫోనులోని యాప్ నుంచి "ఇది చూపించు" అని ఆజ్ఞ వెళితే చూపిస్తుంది. ఆ రోజు ఫోన్లు ఆ పరికరాన్ని నమ్మలేమన్నాయి. ఒకే రోజు ఇన్ని పరికరాలకు ఒకే జబ్బు ఎలా వచ్చింది? వైరస్సా? పిడుగా?

అర్థం కావాలంటే మన ఆఫీసు పద్ధతి ఒకటి తలుచుకోవాలి. మీ సర్టిఫికెట్ నకలు తీసుకెళితే దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం, ముద్ర అడిగేవారు. ఆ అధికారిని ఎవరు నమ్మమన్నారు? ఆయనను నియమించిన ప్రభుత్వం. అంటే మీ కాగితాన్ని నమ్మడానికి ఒక గొలుసు ఉంది. గొలుసులో ఒక్క లంకె తెగినా కాగితం చెల్లదు.

పరికరాలకూ ఇలాంటి డిజిటల్ సర్టిఫికెట్లు ఉంటాయి. ప్రతి క్రోమ్‌కాస్ట్‌లో "నేను నిజమైన క్రోమ్‌కాస్ట్‌ను" అనే సర్టిఫికెట్ ఉంటుంది. దాని మీద పై సర్టిఫికెట్ సంతకం, దాని మీద ఇంకా పై సర్టిఫికెట్ సంతకం. ఈ సంతకాలు సిరాతో చేసినవి కావు, లెక్కలతో చేసినవి. 101ని 113తో గుణించండి. కాగితం మీద అర నిమిషంలో 11413 అని చెప్పేస్తారు. ఇప్పుడు మీ స్నేహితుడికి 11413 మాత్రం ఇచ్చి, ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో కనుక్కోమనండి. ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. గుణించడం సులభం, విడదీయడం కష్టం. ఈ ఎగుడుదిగుడు మీదనే రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు 1977లో ఒక సంతకం పద్ధతి కట్టారు. ఈనాడు విరివిగా వాడే ఆ రకం తాళపు సంఖ్యలో 617 అంకెలు ఉంటాయి. దాన్ని విడదీయడం ఇప్పటి కంప్యూటర్లకు సాధ్యం కావడం లేదు.

ఇక మన కథకు వద్దాం. ఎంత గట్టి సంతకానికైనా ఒక గడువు పెడతారు. రహస్యపు సంఖ్య ఎప్పుడైనా దొంగల చేతికి పోవచ్చు. వేగం పెరిగిన కంప్యూటర్లకు పాత తాళాలు లొంగిపోవచ్చు. అందుకని ప్రతి సర్టిఫికెట్ మీద 'ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు' అని ఉంటుంది. రెండో తరం క్రోమ్‌కాస్ట్ 2015లో వచ్చింది. దాని గొలుసులో మధ్య లంకెకు పెట్టిన గడువు 10 ఏళ్లు. 2025 మార్చి 9న ఆ గడువు తీరింది. ముద్ర చెల్లదు కనుక ఆ ముద్ర ఉన్న పరికరాలన్నీ ఒకేసారి అనుమానితులయ్యాయి. 2015లో పదేళ్లు అని రాసినవారికి అది చాలా దూరంగా కనిపించి ఉంటుంది. ఆఫీసులో పదేళ్లు చాలా ఎక్కువ. ఇంట్లో పదేళ్లు ఎంత? మా ఇంట్లో సీలింగ్ ఫ్యానుకు ముప్పై దాటాయి.

గూగుల్ వారు కారణం కనుక్కుని కొద్ది రోజుల్లో మరమ్మతును నెట్ ద్వారానే పంపారు. అయితే ఆ మధ్యలో వారు ఒక హెచ్చరిక చేశారు: ఎవరూ ఫ్యాక్టరీ రీసెట్ చేయవద్దు. ఎందుకంటే రీసెట్ చేసిన పరికరాన్ని మళ్లీ మొదటినుంచి ఇంటి వై-ఫైకి పరిచయం చేయాలి. ఆ పరిచయం వేళ ఫోను అడిగేది ఆ చెల్లని ముద్రనే! వై-ఫైకి చేరితే తప్ప మరమ్మతు అందదు, మరమ్మతు అందితే తప్ప వై-ఫైకి చేరదు. ఏమీ చేయకుండా ఊరుకున్నవారి పరికరాలు తమంతట తామే కోలుకున్నాయి. బాబాయి సలహా పాటించినవారు మరికొన్ని రోజులు ఆగవలసి వచ్చింది.

ఇది మొదటిసారి కాదు. 2000 మే 30న తయారైన ఒక మూల సర్టిఫికెట్‌కు 20 ఏళ్ల గడువు పెట్టారు. అది 2020 మే 30న, మన గడియారం ప్రకారం సాయంత్రం 4 గంటల 18 నిమిషాలకు తీరిపోయింది. ఆ రోజు రోకు బాక్స్‌లలో కొన్ని చానళ్లు ఆగిపోయాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి సిస్టం అప్‌డేట్ చేసుకోమని కంపెనీ చెప్పవలసి వచ్చింది. కొనేటప్పుడే అట్టపెట్టె మీద "ఈ సంవత్సరం వరకు అప్‌డేట్లు ఇస్తాం" అని అచ్చు వేయాలని నా అభిప్రాయం. నూనె డబ్బా మీద తేదీ వేస్తున్నప్పుడు బాక్స్ మీద వేయడానికేం? బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇలా నెట్‌కు తగిలించే గృహోపకరణాలకు భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో తయారీదారులు ప్రకటించాలనే చట్టం అమలులో ఉంది.

కరెంటు పోయి వచ్చాక

గడువు చూడాలంటే బాక్స్‌కు ఈ రోజు తేదీ తెలియాలి కదా! చాలా స్టిక్‌లలో, బాక్స్‌లలో గడియారానికి ప్రత్యేకమైన బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే కాలం కూడా పోతుంది. తిరిగి రాగానే నెట్‌లోని కాల సర్వర్‌ను అడిగి టైము దిద్దుకుంటుంది. ఈ అడిగే పద్ధతిని 1985 నుంచీ వాడుతున్నారు. ఏ కారణం వల్లనైనా జవాబు రాకపోతే బాక్స్ తేదీ ఎక్కడో గతంలో ఉండిపోతుంది. కొన్నిటిలో అది 1970 జనవరి 1, ఉదయం 5.30 అని కనిపిస్తుంది. కంప్యూటర్లు చాలావరకు కాలాన్ని గ్రీన్‌విచ్ సమయం ప్రకారం 1970 మొదటి రోజు అర్ధరాత్రి నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. మనది ఐదున్నర గంటలు ముందు కనుక 5.30. ఆ బాక్స్ దృష్టిలో ప్రపంచంలోని సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టని బిడ్డలే! దేన్నీ నమ్మదు, స్టోర్ తెరుచుకోదు, వెతికితే ఏమీ రాదు. కనుక యాప్ లేదని గాభరా పడేముందు తెర మూలనున్న టైము ఒకసారి చూడండి.

ఏది ముందు, ఏది వెనక

వెనక్కి తిప్పుకోగలిగిన పనులు ముందు, తిప్పుకోలేనివి చివర. ముందుగా చూడటం మాత్రమే చేయండి: ప్రొఫైల్ ఎవరిది, యాప్‌ల పూర్తి జాబితాలో పేరుందా, తేదీ సరిగా ఉందా, స్టోర్‌లో కొత్త పేరుతో దొరుకుతోందా, ఖాతా ఏ దేశానిది. ఇవన్నీ ఎంతసేపు చూసినా నష్టం లేదు. తరువాత బాక్స్‌ను కరెంటు ప్లగ్ నుంచి తీసి ఒక నిమిషం ఆగి పెట్టండి. రిమోట్‌తో ఆపితే చాలా బాక్స్‌లు నిజంగా ఆగవు, కునుకు తీస్తాయంతే. తరువాత సిస్టం అప్‌డేట్ ఉందేమో చూడండి. బాక్స్‌లో ఖాళీ కూడా చూడండి. 8 జీబీ స్టిక్‌లో కొంత చోటు సిస్టమే ఆక్రమిస్తుంది. అప్‌డేట్ అయ్యే వేళ పాత యాప్, కొత్త యాప్ కాసేపు రెండూ పక్కపక్కన ఉండవలసి వస్తుంది. చోటు చాలకపోతే పని మధ్యలో ఆగుతుంది. వాడని ఆటలు తీసేస్తే చాలు.

'కాష్' చెరపడం, 'డేటా' చెరపడం ఒకటి కాదు. మొదటిది బల్ల మీది చిత్తు కాగితాలు పారేయడం. రెండోది బీరువా ఖాళీ చేయడం. పాస్‌వర్డు మళ్లీ కావాలి. యాప్‌నే తీసేయాలనుకుంటే ముందు అది స్టోర్‌లో ఇంకా ఉందో లేదో వెతికి చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ వీటన్నిటి తరువాత, అదీ వై-ఫై, ఖాతాల పాస్‌వర్డులు కాగితం మీద రాసుకున్న తరువాత.

ఇంకో రెండు సంగతులు ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి. యాప్ కనబడలేదని నెట్‌లో 'కస్టమర్ కేర్ నంబరు' వెతికి కనబడిన నంబరుకల్లా ఫోను చేయకూడదు. మోసగాళ్లు అలాంటి నంబర్లు పెట్టి, "యాక్టివేషన్ ఫీజు పది రూపాయలే" అంటూ ఓటీపీ అడిగి ఖాతా ఖాళీ చేస్తారు. నంబరు కంపెనీ సొంత యాప్‌లోనో, కొన్నప్పటి అట్టపెట్టె మీదనో చూసి తీసుకోవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

రెండోది, అన్ని యాప్‌లూ ఉచితం అంటూ అమ్మే అనామక బాక్స్‌లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే లోపల దొంగ ప్రోగ్రామ్‌లు ఉన్న ఆండ్రాయిడ్ టీవీ బాక్స్‌లను పరిశోధకులు 2023లోనే బయటపెట్టారు. 'బ్యాడ్‌బాక్స్' అని పేరుపెట్టిన ఈ బెడద రెండో విడతలో 10 లక్షలకు మించిన పరికరాలకు సోకిందని 2025 మార్చిలో తేలింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలను హెచ్చరించింది. అలాంటి బాక్స్ మీ ఇంటి నెట్‌ను మీకు తెలియకుండా మరొకరి నేరాలకు దారిగా వాడుకోనిస్తుంది. ఆ ఉచితానికి ధర అది.

ఒక ప్రయోగం

ఇంట్లో పెద్దల అనుమతితో, వారు పక్కన ఉండగా చేయండి. ఒక పాత ఫోనులో తేదీ ఆటోమేటిక్ అన్నదాన్ని ఆపి, సంవత్సరాన్ని 15 ఏళ్లు వెనక్కి తిప్పండి. వై-ఫై ఉండాలి. ఇప్పుడు బ్రౌజర్‌లో మీకు బాగా తెలిసిన ఒక వెబ్‌సైటు తెరవండి. ఏ హెచ్చరిక వచ్చిందో పుస్తకంలో రాసుకోండి. తరువాత తేదీని సరిచేసి మళ్లీ తెరవండి. ఈ ఫోనుతో డబ్బు లావాదేవీలు చేస్తుంటే మాత్రం ఈ ప్రయోగం దానితో వద్దు.

కంప్యూటరు ఉంటే మరొకటి. బ్రౌజర్‌లో వెబ్‌సైటు పేరుకు ఎడమపక్కనున్న చిన్న గుర్తు మీద నొక్కుతూ పోతే ఆ సైటు సర్టిఫికెట్ కనిపిస్తుంది. దాని గడువు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో చూడండి. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు 398 రోజులకు మించి గడువు ఉండరాదని 2020 సెప్టెంబరు నుంచి 2026 మార్చి వరకు నియమం ఉండేది. గొలుసులో పైకి వెళితే, మూల సర్టిఫికెట్‌కు ఎన్నేళ్లున్నాయో కూడా అక్కడే తెలుస్తుంది. ఐదు సైట్లకు ఈ తేదీలు పట్టికగా రాసి, ఏది ముందు తీరిపోతుందో గుర్తుపెట్టండి. ఆ రోజున ఆ సైటు తెరిచి, పాత సర్టిఫికెట్టే ఉందో, అప్పటికే కొత్తది వచ్చి కూర్చుందో చూడండి.